గిజిగారి అక్రమ కట్టడం

ఆ సందులో పడి ఉన్న ఇటుకల గుట్టకు బాధ్యులు మీరే. ఇటూ అటూ చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. గోడ అవతల మాట వినపడితే పని మానుకుని చెవి ఒగ్గేవాళ్ళు, విన్నది సగమైతే మిగతా సగం సొంతంగా కలుపుకునేవాళ్ళు, ‘ఫలానావాడు తెలుసా’ అని అడిగితే తెలియదని చెప్పడానికి నోరు రాక ‘ఎందుకు తెలియదూ’ అని తలూపేవాళ్ళు. గిజిగాడంటే గడ్డిపోచలతో గూడు అల్లే పిట్ట. గుప్పెట్లో పడుతుంది. చిన్నప్పుడు బళ్ళో దాని బొమ్మ గీశారు, పసుపు రంగు పూశారు, మార్కులు వేయించుకున్నారు. ఆ తర్వాత ఒక్కసారైనా తలెత్తి చూసిన పాపాన పోలేదు. పిట్ట పేరు మర్చిపోవడం నేరం కాదు. మర్చిపోయి దాని మీదకు పోలీసుల్నీ జేసీబీనీ తోలుకురావడం నేరం. జరిగింది వినండి, మీ వాటా ఎంతో మీకే తెలుస్తుంది.

ఆ ఉదయం మిషనమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. బడిపిల్లల చొక్కాలకు కాలర్లు కుట్టాలి, కుడుతూ కుడుతూ చెల్లెలికి ఫోనులో పిట్టల కబురు చెప్పాలి. అంతే. ఆమె దర్జీ. తెల్లారింది మొదలు చీకటి పడేదాకా కుట్టుమిషను మీదే కాళ్ళు ఆడుతుంటాయి కాబట్టి వీధి వీధంతా మిషనమ్మ అనే పిలుస్తుంది. ఇంటి వెనక భాగంలో అద్దెకుంటుంది. మిషను పక్కన కిటికీ, కిటికీ అవతల పెరడు, పెరటి చివర ఒక ఈతచెట్టు. చెట్టు కింద పగిలిన కుండ అడుగున నీళ్ళు, సొట్టపడిన పళ్ళెంలో నూకలు. పిచ్చుకలు, గోరింకలు, పేరు తెలియనివి కొన్ని, అన్నీ అక్కడికే వస్తాయి. మనిషి నీడ పడితే బెదిరిపోతున్నాయని, యూనిఫాం గుడ్డలో మిగిలిన పచ్చ ముక్కలన్నీ జతచేసి పెద్ద తెర కుట్టి చెట్టుకు అడ్డంగా కట్టింది. తెర మధ్యలో ఒక పెద్ద కాజా తీసింది. చొక్కా కాజాలోంచి బొత్తాం వస్తుంది; ఈ కాజాలోంచి మిషనమ్మ కన్ను వస్తుంది.

చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టుతో మంచానికి అతుక్కుని ఉంది. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగు గోడ. రోజూ అక్క చెప్పే పిట్టల కబురే ఆమెకు సినిమా, పేపరు, పెళ్ళి, పేరంటం అన్నీనూ.

ముందురోజు సాయంత్రం ఇంటి ఓనరు వచ్చి ఆ సినిమాకు శుభం కార్డు వేసేశాడు. ఆయన రిటైరైన సర్వేయరు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ స్థలాలు కొలిచి, “నీ గుమ్మం జానెడు ముందుకొచ్చింది, నీ అరుగు బెత్తెడు బయటికొచ్చింది” అని అందరి గుండెల్లో గొలుసు ఈడ్చినవాడు.

“అమ్మాయ్, ఆదివారం ఈ ఈతచెట్టు కొట్టించేస్తున్నాను. కారు షెడ్డు వేయాలి.”

“కారు కొన్నారా బాబాయిగారూ?”

“షెడ్డంటూ ఉంటే కారు అదే వస్తుంది.”

“ఒక్క నెల ఆగండి. ఇప్పుడు గూళ్ళు కట్టే కాలం…”

“గుళ్ళు కట్టే కాలమైతే కట్టుకోమను, మధ్యలో నా షెడ్డుకేం? చెట్టు నాది, స్థలం నాది, కొలిచింది నేను,” అని ఆయన వెళ్ళిపోయాడు. పెద్ద మనుషులకు ఒక దీర్ఘం తక్కువ వినపడితే ఎన్ని అనర్థాలో చూడండి. ఇది మొదటిది మాత్రమే.

ఇక ఆ ఉదయం. ఫోను స్పీకరులో పెట్టి కాలరు మీదకు మిషను పాదం దించింది మిషనమ్మ. సరిగ్గా అప్పుడే ఓనరమ్మ డాబా మీద తడిబట్టలు ఆరేస్తోంది. డాబా చుట్టూ పిట్టగోడ ఉంది. పేరుకు పిట్టగోడే గానీ దాని మీద పిట్టలకంటే ఓనరమ్మ మోచేతులే ఎక్కువసేపు వాలతాయి.

“వచ్చాడే గిజిగాడు!” అంది మిషనమ్మ.

“నిజంగానా అక్కా! ఎప్పుడు?”

“తెల్లారగట్లే. రాగానే ఇల్లు మొదలుపెట్టేశాడు. మన పెరట్లోనే.”

“ఒక్కడేనా?”

“ఒక్కడెందుకు వస్తాడు, వెనకాల ఇంకా కుర్రాళ్ళున్నారు. ఒకటే అరుపులు, కొట్లాటలు. ఒకడు అటు తిరిగితే ఇంకొకడు వాడి సరుకు ఎత్తుకుపోతాడు.”

“మరి పోయినేడు వదిలేసి పోయిందే, అదో?”

“అది మళ్ళీ మొహం చూపించలేదు. లోపలికొచ్చి నాలుగు మూలలూ చూసి, నచ్చలేదని పోయిందిగా. ఈసారి ఇంకెవత్తో వస్తుంది. ఒకత్తి చేరిందంటే చాలు, వీడు పక్కనే రెండో ఇల్లు మొదలుపెడతాడు, రెండోదాని కోసం.”

“సిగ్గులేనివాడు!” అని చెల్లెలు పకపకా నవ్వింది. “మీ ఓనరు ఊరుకుంటాడా?”

“ఆయనకు తెలిస్తేగా! ఆదివారం చెట్టు కొట్టేస్తాడట. ఏం చేయాలో తోచట్లేదే. వాడు అప్పుడే తడిమట్టి కూడా తెచ్చుకుంటున్నాడు.”

ఓనరమ్మ చేతిలో తడి తువ్వాలు అలాగే ఉండిపోయింది. మెట్లు దిగలేదు, దొర్లింది.

“ఏమండీ! మన పెరట్లో ఎవడో ఇల్లు కడుతున్నాడండీ!”

సర్వేయరు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “ఎవడు?”

“గిజిగాడట. గుంపుతో దిగాడట. ఇద్దరు పెళ్ళాలట. మట్టి కూడా తోలించాడట.”

సర్వేయరు ఒక్క ఉదుటున డాబా ఎక్కి పిట్టగోడ మీంచి తొంగిచూశాడు. పెరటి చివర, చెట్టుకు అడ్డంగా, పచ్చ గుడ్డ. కొత్త బిల్డింగు కడుతుంటే చుట్టూ కప్పుతారే, అచ్చం అలాంటి పచ్చ గుడ్డ.

“గుడ్డ కట్టేశాడంటే పునాది అయిపోయినట్టే,” అన్నాడు. ఒకరి స్థలంలోకి ఇంకొకడు ఎలా జరుగుతాడో ఆ ఊళ్ళో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎందుకు తెలుసో తర్వాత బయటపడుతుంది.

పెరట్లోకి పోవడానికి ధైర్యం చాలక మిషనమ్మ కిటికీ దగ్గరకు వచ్చాడు.

“అమ్మాయ్, ఆ గిజిగాడు…”

మిషనమ్మ మొహం వెలిగిపోయింది. “అబ్బ, మీకూ తెలిసిపోయిందా బాబాయిగారూ!”

“తెలియకేం! ఎవర్నడిగి కడుతున్నాడు?”

ముసలాయనలో ఇంత చమత్కారం ఉందా అని మిషనమ్మ ముచ్చటపడింది. “వాడు ఒకర్ని అడిగే రకమా! నచ్చినచోట మొదలుపెట్టేస్తాడు.”

“నువ్వు చూస్తూ ఊరుకున్నావా?”

“ఊరుకోలేదండీ, పొద్దున్నే తిండి కూడా నేనే పెడుతున్నాను.”

“తిండా!” సర్వేయరు కిటికీ ఊచ పట్టుకున్నాడు. “మీ ఆయనకు తెలుసా?”

“ఆయన డ్యూటీకెళ్ళాకే వస్తాడులెండి. మగాళ్ళ అలికిడి వాడికి గిట్టదు.”

సర్వేయరు ఊచ వదిలి వెనక్కి జరిగాడు. “ఆదివారం చెట్టు కొట్టేవాళ్ళొస్తారు. ఆలోగా వాణ్ణి ఖాళీ చెయ్యమను.”

ఆ మాటకు మిషనమ్మకు ఒళ్ళు మండింది. “నేను చెప్పను. కావాలంటే మీరే పోయి చెప్పుకోండి. వాడి జోలికెళ్ళినందుకే కదా మీ పిల్లి మూతి అలా తయారైంది!”

పిల్లి పోయినేడు గూటి కోసం ఈతచెట్టు ఎక్కి, ముళ్ళు గుచ్చుకుని, మూతి నెత్తురు చేసుకుని దిగింది. అదీ నిజం. సర్వేయరు బుర్రలో అది ఇంకోలా బొమ్మ కట్టింది. ఇంటికెళ్ళి చెట్టు కొట్టేవాళ్ళకు ఫోను చేసి, ఇప్పుడప్పుడే రావద్దన్నాడు. తర్వాత పిల్లిని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు దాని మూతి వంక చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఓనరమ్మ జాకెట్టు కొలత వంకతో వచ్చింది. మిషనమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని గుడ్డకు మడతలు గుచ్చుతోంది.

“మనిషెలా ఉంటాడే?” అంది ఓనరమ్మ, గుసగుసగా.

“ఎవరు పిన్నిగారూ?”

“అదే, గిజిగాడు.”

“నెత్తంతా పసుపు, మొహం నలుపు. ఈ కాలం వచ్చిందంటే వాడికి ఆ రంగొస్తుంది. మిగతా రోజుల్లో గుంపులో పోల్చుకోలేం.”

“జుట్టుకు పసుపు రంగా! రామరామ! కత్తులూ గట్రా ఏమైనా…”

అప్పుడు వెలిగింది మిషనమ్మకు. నోట్లో సూదులున్నాయి కాబట్టి నవ్వలేదు. లేకపోతే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. పిట్టండీ పిన్నిగారూ, ఉత్త పిట్ట, అని చెప్పడానికి నోరు తెరిచింది.

ఓనరమ్మే ముందుగా అందుకుంది. “వాడి సంగతి తేలేదాకా ఆ చెట్టు దగ్గరికి పోయేది లేదంటున్నారు మీ బాబాయిగారు. కొట్టేవాళ్ళను రావద్దన్నారు.”

మిషనమ్మ నోరు మూసుకుంది. మంచి నిర్ణయం ఒకటి తీసుకుంది: అబద్ధం ఒక్కటీ ఆడకూడదు. నిజమే చెప్పాలి. కాకపోతే అడిగినంతవరకే చెప్పాలి.

“కత్తి అక్కర్లేదు పిన్నిగారూ. వాడు ఉత్తగానే కోసేస్తాడు,” అంది.

ఇక్కడిదాకా తప్పు ఇద్దరు ముసలివాళ్ళది. ఇక్కడి నుంచి మీది. సర్వేయరు పరుగెత్తుకుంటూ మైకన్న దగ్గరికి పోయాడు. మైకన్న వీధి సంఘానికి అధ్యక్షుడు. ఎదుటి మనిషి మూరెడు దూరంలో ఉన్నా సభలో మాట్లాడినట్టే మాట్లాడతాడు, అందుకని ఆ పేరు. తనకు తెలియని మనిషి ఊళ్ళో ఒకడున్నాడంటే ఆయనకు అన్నం సహించదు.

“తమ్ముడూ, గిజిగాడని… నీకేమైనా తెలుసా?”

తెలియదు అనే నాలుగక్షరాల ముక్క ఆయన నోటివెంట వచ్చుంటే ఒక గోడ నిలిచేది. “గిజిగాడా! భలేవారే! నా వెనకాల తిరిగిన కుర్రాడే కదండీ. ఎన్నికలప్పుడు గోడలకు నా బొమ్మలు అంటించింది వాడే!”

“మా పెరట్లో ఇల్లు కడుతున్నాడు తమ్ముడూ.”

మైకన్న ఒక్క క్షణం కళ్ళు మూసి తెరిచాడు. “కడతాడు. వాడికా పిచ్చి ఎప్పట్నుంచో ఉంది. నేను మాట్లాడతాను. నా మాటంటే వాడికి గురి.”

మర్నాడు కలిస్తే, “మాట్లాడాను,” అన్నాడు. “మొదట ఎగిరాడు. నేనొక్క కసురు కసిరేసరికి కిందికి దిగొచ్చాడు. అయినా మీరు పెరట్లోకి మాత్రం పోకండి.”

మైకన్నకే తెలుసంటే మనిషి ఉన్నట్టే కదా! సర్వేయరు పోలీసు స్టేషనుకు పోయాడు. అక్కడి పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, పేరు వినగానే కనుబొమలు ముడిచాడు. ఊళ్ళో రౌడీ పేరు పోలీసాయనకు తెలియకపోతే పరువేం కాను?

“గిజిగాడా! వాడు లోపల ఉండాలే! ఎప్పుడొచ్చాడు బయటికి?”

“అంటే మీకూ తెలుసా?”

“తెలియకపోవడమేంటండీ, నేనే ఓసారి పట్టుకున్నాను. చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతాడు.”

సర్వేయరు ఇంటికొచ్చేసరికి ఒంట్లో చెమట చుక్క మిగల్లేదు. “ఒసేయ్, గిజిగాడు పాత నేరస్తుడటే!”

“మెల్లగా అనండి!” ఓనరమ్మ ఆయన నోరు నొక్కేసింది. “వాడూ గీడూ అంటే గోడవతల వినపడి ఊరుకుంటాడా? గారు అనండి.”

అలా గిజిగాడు గిజిగారయ్యాడు. ఊళ్ళో ఎంతోమంది గౌరవం ఈ దారినే వచ్చింది. ఆయనకు మాత్రం కాస్త తొందరగా వచ్చింది.

ఇక వీధికి పని దొరికింది. మెకానిక్కు షెడ్డులో గిజిగారు ఫలానా హోటల్లో బిల్లు కట్టకుండా లేచిపోయిన సంగతి చెప్పుకున్నారు. ఇస్త్రీ బండి దగ్గర గిజిగారి అన్న ఇంకా పెద్ద రౌడీ అని తేల్చారు. ఒకాయనైతే గిజిగారితో కలిసి చదువుకున్నానన్నాడు. లెక్కల్లో అప్పుడే మొద్దట. కుట్టుపని వంకతో ఆడవాళ్ళంతా మిషనమ్మ గదిలో చేరారు.

“ఆయనకు ఇంటికొక పెళ్ళామటగా?” అని ఒకావిడ.

“అవునండీ. కాకపోతే ఇళ్ళన్నీ పక్కపక్కనే కడతాడు.”

“మరి సర్దుకుపోతారా వాళ్ళు?”

“ఎవరింట్లో వాళ్ళుంటారు. ముందు ఆయన ఇల్లు కట్టి, గుమ్మంలో నిలబడి పిలుస్తాడు. ఆవిడ వచ్చి లోపలంతా చూస్తుంది. నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే ఆ ఇల్లు వదిలేసి, మళ్ళీ మొదట్నుంచి ఇంకొకటి కడతాడు. నోరెత్తడు.”

కొలతకు చేతులెత్తిన ఆవిడ వాటిని దించడం మర్చిపోయింది.

“ఆవిడకు నచ్చకపోతే ఇల్లు మళ్ళీ కడతాడా!” అని నిట్టూర్చింది ఇంకొకావిడ. “మా ఆయన ఉన్న ఇంటికి సున్నం వేయించమంటే రెండేళ్ళ నుంచీ తుమ్ముతున్నాడు.”

ఆ సాయంత్రం మిషనమ్మ భర్త డ్యూటీ నుంచి వచ్చాడు. ఆయన బస్సు కండక్టరు. పగలంతా అరిచి అరిచి ఇంట్లో గొంతు దాచుకునే మనిషి. ఆ రోజు చొక్కా కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

“బస్సులో ఒకాయన నన్ను చూసి లేచి సీటిచ్చాడు.”

“మంచిదేగా.”

“నేను కండక్టర్ని! కండక్టరుకి సీటిచ్చిన బస్సు ఎక్కడైనా ఉందా? ‘కూర్చోండి పాపం, మీ కష్టం పగవాడికి కూడా వద్దు’ అన్నాడు. నేను డ్యూటీకెళ్ళగానే గిజిగాడొచ్చి నీ చేతి తిండి తిని పోతున్నాడట!”

“తింటున్నాడుగా. నూకలు.”

“నూకలని నీకూ నాకూ తెలుసు. బస్సుకు తెలుసా?” ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “ఇదిగో, నిజం చెప్పేసెయ్. ఆ ముసలాయనకు తెలిస్తే మనల్ని ఇల్లు ఖాళీ చేయిస్తాడు. కిటికీ పోతుంది, మిషను పెట్టుకునే చోటు పోతుంది.”

“చెబితే రేపు పొద్దున్నే చెట్టు పోతుంది. గూట్లోకి ఎవరో ఒకరు చేరి, గుడ్లు పెట్టి, పిల్లలు ఎగిరేదాకా ఆగుతాను. చెల్లికి మాటిచ్చాను. అసలు నేనన్నదాంట్లో అబద్ధమేదో చూపించండి!”

కండక్టరు ఆలోచించాడు. ఒక్కటి కూడా దొరకలేదు. ఆయనకు అదే ఎక్కువ భయం వేసింది.

సోమవారం ఉదయం ఆ భయం పసుపు రంగు వేసుకుని చక్రాల మీద వచ్చింది. సర్వేయరు తన పాత పరిచయాలన్నీ వాడి, మున్సిపాలిటీ వాళ్ళను ఎగదోశాడు: పెరట్లో అక్రమ కట్టడం, వెంటనే కూల్చాలి. జేసీబీ వచ్చింది. కొలతల అధికారి వచ్చింది, ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని. పోలీసాయన వచ్చాడు. గిజిగారితో రాయబారం నడపడానికి మైకన్న ఇస్త్రీ మడత నలగని చొక్కాలో వచ్చాడు. వాళ్ళ వెనక వీధి మొత్తం వచ్చింది. అందరూ గిజిగారిని ఎరిగినవాళ్ళే. అందుకని అందరూ కొంచెం దూరంగానే నిలబడ్డారు.

జేసీబీ పెరటి పక్క సందులోకి తిరిగింది, సగం దూరం వచ్చి ఇరుక్కుంది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. “సందు ఇంత ఇరుగ్గా ఉందేంటి మేడం!” అని డ్రైవరు కేక పెట్టాడు. పక్కనే ఉన్న పెరటి గోడ మీంచి దాని ఉక్కు చెయ్యి లేచి, సరిగ్గా పచ్చ గుడ్డ మీదకు చాచుకుని నిలబడింది.

మిషనమ్మ చేతిలో కత్తెరతో పరుగెత్తుకొచ్చి చెట్టుకు అడ్డంగా నిలబడింది. రెండో చేతిలో ఫోను. ఫోనులో చెల్లెలు. “అక్కా, పెట్టెయ్యకు! ఏమవుతోంది?”

“తప్పుకో అమ్మా,” అన్నాడు పోలీసాయన. “ఎక్కడ వాడు?”

“వాడు కాదండీ, గారు…” అన్నాడు సర్వేయరు ఆయన వెనక నుంచి.

“ఇంట్లోనే ఉన్నాడు,” అంది మిషనమ్మ.

పోలీసాయన చెయ్యి లాఠీ మీదకు పోయింది. “గిజీ! మర్యాదగా బయటికి రా! నీ ఇల్లు చుట్టుముట్టాం!”

“వచ్చేయ్ తమ్ముడూ, నేనున్నాను!” అని మైకన్న వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు.

పచ్చ గుడ్డ వెనక నుంచి పెద్ద గొడవ మొదలైంది. కిచకిచ, టపటప, రొద. జనం రెండడుగులు వెనక్కి వేశారు. అధికారి మాత్రం ముందుకెళ్ళింది. ఉద్యోగంలో కొత్తగా చేరినావిడ, గిజిగారు తెలుసని ఇంకా ఎవరికీ చెప్పలేదు, అందుకే ధైర్యం ఉంది. తెర పట్టుకుని ఒక్క లాగు లాగింది.

పునాది లేదు. ఇటుక లేదు. సొట్ట పళ్ళెం, కుండ పెంకు, ఈతచెట్టు.

“ఇల్లేదమ్మా?” అంది అధికారి.

“పైకి చూడండి,” అంది మిషనమ్మ.

వీధి వీధంతా తలెత్తింది. ఈతమట్ట చివర గడ్డితో అల్లిన బుట్టలాంటిది ఊగుతోంది. దానికి తలకిందులుగా వేలాడుతూ, పసుపు నెత్తి, నల్ల మొహం, గుప్పెడంత గిజిగారు రెక్కలు టపటపలాడిస్తూ వీళ్ళందర్నీ తిడుతున్నారు.

ఫోనులోంచి చెల్లెలి గొంతు వినపడింది. “అక్కా, గిజిగాడికి ఏం కాలేదుగా?”

మొదట తేరుకున్నది మైకన్న. గొంతు సవరించుకుని, “నేను ముందే చెప్పానుగా, ఎగిరాడు, దిగాడు అని,” అన్నాడు, జీవితంలో మొదటిసారి మెల్లగా.

పోలీసాయన టోపీ తీసి తుడుచుకున్నాడు. “నేనూ అదే అన్నాను. లోపల ఉండాలే అన్నాను. గూటి లోపల.”

లెక్కల్లో గిజిగారు మొద్దన్నాయన జనం మధ్యలోంచి చల్లగా ఇంటికి నడిచాడు.

సర్వేయరు మొహం నల్లబడి, తెల్లబడి, ఎర్రబడింది. “నన్ను… నాతో… ఇంత నాటకమా! అమ్మాయ్, ఇవాళే ఇల్లు ఖాళీ చెయ్! డ్రైవరూ, ఎలాగూ వచ్చావు, ఆ చెట్టు పీకి అవతల పారెయ్!”

“నేను చెప్పినదాంట్లో అబద్ధమేముంది బాబాయిగారూ?” అంది మిషనమ్మ. కత్తెర ఇంకా గట్టిగా పట్టుకుంది. ఉక్కు చెయ్యి ఒక కుదుపు కుదిపి ఈతమట్టల మీదకు వంగబోయింది.

“ఆగు!” అంది అధికారి డ్రైవరుతో. “ముందు బండి కదలాలి కదా. ఈ సందు ఇంత ఇరుకెందుకైందో చూడనీ.” టేపు తీసింది.

“గోడ దగ్గర్నుంచి కొలువమ్మా,” అన్నాడు సర్వేయరు చటుక్కున.

అధికారి ఆయన వంక తిరిగి నవ్వింది. “మీ దగ్గర శిక్షణ తీసుకున్నప్పుడు మీరే కదా సార్ నేర్పారు? గోడ దగ్గర్నుంచి కొలవొద్దు, గోడ అబద్ధమాడుతుంది, సందు అవతలి హద్దురాయి దగ్గర్నుంచి కొలవాలని.”

హద్దురాయి దగ్గర టేపు బయల్దేరింది. సందు దాటింది. గోడ దగ్గర ఆగవలసింది, ఆగలేదు. గోడ మీంచి పెరట్లోకి దిగింది. ఈతచెట్టు దాటింది. పచ్చ గుడ్డ దాటింది. మిషనమ్మ బట్టలుతికే రాయి దగ్గరికొచ్చి ఆగింది.

“సందు ఇక్కడిదాకా ఉంది సార్,” అంది అధికారి. “ఈ గోడ ఎవరు కొలిచి కట్టారు?”

సర్వేయరు ఆకాశం వంక చూశాడు. డాబా మీద పిట్టగోడకు మోచేతులాన్చి చూస్తున్న ఓనరమ్మ పైనుంచి సాయం చేసింది. “ఆయనేనమ్మా! దగ్గరుండి కొలిచారు. మేస్త్రీని టేపు ముట్టుకోనిస్తే ఒట్టు!”

“మంచిది. అక్రమ కట్టడం కూల్చాలని మీరే పిలిచారు. ఇదిగో కట్టడం.” అధికారి డ్రైవరుకు చెయ్యి ఊపింది. “చెట్టు సందులో ఉంది కాబట్టి మున్సిపాలిటీది. దాని మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. గోడ కొట్టెయ్, బండి అదే బయటికొస్తుంది.”

ఉక్కు చెయ్యి పక్కకు తిరిగింది. ఎన్నేళ్ళ నుంచో బడిపిల్లలు సైకిలు దించి ఒంటి వరసలో నడిచేలా చేసిన గోడ ఒక్క పోటుకు కూలిపోయింది. దుమ్ము లేచింది. పిట్టలన్నీ చెదిరిపోయాయి. మిషనమ్మ కింద పడిన తెర ఎత్తి, కాజాలో కన్ను పెట్టింది.

దుమ్ము సర్దుకుంటుండగా గిజిగాడు తిరిగొచ్చి గూటికి వేలాడాడు. వాడి వెనకే పసుపూ పంతమూ లేని గోధుమరంగు పిట్ట ఒకటి వచ్చి మట్ట మీద వాలింది. గూడు చుట్టూ తిరిగింది. పోచ ఒకటి లాగి చూసింది. లోపలికి దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ఎగిరిపోలేదు, ముక్కుతో ఒక ఈక పట్టుకొచ్చి మళ్ళీ లోపలికే పోయింది.

“చేరిందే!” అని మిషనమ్మ ఫోనులోకి అరిచింది. అవతల చెల్లెలు కాలికి కట్టున్న సంగతి మర్చిపోయి గెంతబోయి, కుయ్యోమంది.

సర్వేయరు ఇల్లు ఖాళీ చేయమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. గోడ కూలిన పెరట్లో కాపలాకు మనిషి కావాలని ఓనరమ్మ మిషనమ్మను ఉండిపొమ్మంది.

అంతా బాగానే ఉంది. ఇటుకలు మాత్రం ఇంకా సందులోనే ఉన్నాయి. కూల్చడం మా పని, ఎత్తడం కాదంటుంది మున్సిపాలిటీ. చూద్దాం అంటాడు మైకన్న. కేసేం లేదుగా అంటాడు పోలీసాయన. గోడే నాది కాదన్నాక ఇటుకలు నావెలా అవుతాయంటాడు సర్వేయరు. తమాషా చూడ్డానికి ఎగబడి వచ్చినవాళ్ళంతా ఇప్పుడు ఆ గుట్ట పక్కనుంచి తల వంచుకుని పోతున్నారు. బడిపిల్లలు ఇంకా సైకిలు దించే నడుస్తున్నారు. గడ్డిపోచ కింద పడితే గిజిగాడు దిగి ఏరుకుని పోతున్నాడే, మీకేమొచ్చింది? ఎత్తండి. గుడ్లు పిల్లలయ్యేలోగా ఆ సందు ఖాళీ కావాలి.

లేదంటే గిజిగారితో చెప్పవలసి వస్తుంది.